నిండుకున్న టాంకు

పాత గరాజ్ పడగొట్టించి పెద్దది కట్టించుకుందామనుకుంటున్నాం, తెలిసిన కాంట్రాక్టర్లు ఎవరైనా ఉన్నారా అంకుల్ అని పోయిన నెలలో ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఇద్దరి పేర్లు చెప్పాను. "మీరూ ఇదే లైన్‌లో చేశారట కదా, జాగ్రత్తపడాల్సినవేమైనా ఉంటే చెప్పండి" అన్నాడు. పర్మిట్ చేతికి రాకుండా మొదలుపెట్టకు, వాననీళ్ళు పక్కింటివైపు పోకుండా వాలు చూసుకో అని రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. ఫోన్లో నోరు రాక ఇక్కడ రాస్తున్నాను. నేను ఘనంగా చేసిన పనుల గురించి రాయమంటే ఇరవై పేజీలు రాస్తాను, మా ఆవిడ చదివి సంతోషిస్తుంది కూడా. ఇది ఆ బాపతు కాదు.

డెబ్బైల చివర్లో మాట. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి ఇంకో డిగ్రీ చేసి, వంతెనలు కడతానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి. చేరిన కంపెనీ రెండేళ్ళకే సగం మందిని ఇంటికి పంపింది. ఆ సగంలో నేనున్నాను. తిరిగి తిరిగి చివరికి నార్త్ కరోలినాలో క్యారీ ఊరి పక్కన ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇళ్ళకి గరాజ్‌లు కట్టడమే వాళ్ళ పని. వంతెనలు పోయి కార్లకి గదులు కట్టడం నా వంతయింది. ఓనరు, ఇద్దరు వడ్రంగులు, ఒక కాంక్రీటు మేస్త్రీ, మట్టి తవ్వే బ్యాక్‌హో బండి నడిపే పెద్దాయన, నేను. డ్రాయింగులు గీయడం, టౌన్ ఆఫీసులో పర్మిట్లు తేవడం, సైట్లో నిలబడి తలకాయ ఊపడం నా ఉద్యోగం. నా గ్రీన్‌కార్డుకి అప్లై చేసింది కూడా ఆ కంపెనీయే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

పెద్దాయన గురించి చెప్పాలి. అప్పటికి యాభై అయిదు దాటిన తెల్లవాడు, పొగాకు పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి. మాట తక్కువ. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, "ఇంజనీర్" అనేవాడు, అందులో సగం వెక్కిరింత, సగం ముద్దు. నాకు చలికోటు కొనుక్కోవడం దగ్గర్నుంచి మట్టి రంగు చూసి తడి కనిపెట్టడం దాకా నేర్పింది ఆయనే. కాలేజీలో నేర్చుకున్నది పరీక్షలకి సరిపోయింది, పనికి ఆయన చెప్పిందే అక్కరకొచ్చింది.

ఆయనకొక చాదస్తం ఉండేది. ట్రక్కులో ఎప్పుడూ ఒక పొడుగాటి కర్ర పెట్టుకునేవాడు. దాని మీద అంగుళాల గుర్తులు తనే కాల్చి వేసుకున్నాడు. పాత బావి గానీ, సెప్టిక్ టాంకు గానీ, గొయ్యి గానీ కనబడితే ముందు ఆ కర్ర ముంచి చూడాల్సిందే. ఇంటాయన చెప్పినా వినడు, మా ఓనరు చెప్పినా వినడు. "భూమి కింద ఏముందో ఇంట్లోవాళ్ళకి తెలీదు ఇంజనీర్, వాళ్ళు బతికేది భూమి మీద" అనేవాడు. దేవుడే దిగొచ్చి చెప్పినా కర్ర తడిసిందో లేదో చూసుకునే రకమని వడ్రంగులతో చెప్పి నేను నవ్వుతుండేవాణ్ణి.

పెట్రోలు కరువొచ్చి, బంకుల ముందు కార్లు బారులు తీరిన వేసవి మీలో చాలామంది పుట్టకముందుది. అది దాటిన మరుసటి వసంతంలో మాకొక తెలుగువాళ్ళ ఇల్లు తగిలింది. ఊరి చివర పాత రైతుగారి ఇల్లు, చుట్టూ ఎకరం నేల, వెనక ఒక వైపు ఒరిగిపోయిన చెక్క గరాజ్. ఒక కారు దూర్చితే తలుపు తెరుచుకుని దిగడానికి సందుండదు. దాన్ని తీసేసి రెండు కార్లు, ఒక సామాన్ల గది పట్టేలా కట్టాలి. ఇంటాయన రీసెర్చ్ పార్కులో మందుల కంపెనీ సైంటిస్టు. వాళ్ళావిడకి పాతికేళ్ళుంటాయేమో, పెళ్ళయి వచ్చి ఏడాది.

ఆవిడ పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లో. ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేస్తూ, హాస్టల్లో పెట్టి చదివించాడు. ఆయన నేర్పిన అక్షరాలతో వారపత్రికలు చదివి తెలుగు పట్టుకుంది. మాట్లాడితే వాక్యం తెలుగులో ఎత్తుకుని హిందీలోకి వెళ్ళి ఇంగ్లీషులో దిగేది. డ్రాయింగులు చూపించడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఊరుకోవచ్చుగా? "ఏమ్మా, తెలుగమ్మాయివేనా నువ్వు? ఆ ఫుల్లులూ హాఫులూ ఏమిటి? చక్కగా తెలుగులో చెప్పు" అని ఆటపట్టించాను. ఆవిడ సిగ్గుపడి నవ్వింది. ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు ఒక్కో మాటా వెతుక్కుని, కూడబలుక్కుని అచ్చ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అన్నయ్యగారూ అని పిలిచేది. నాకు ముచ్చటేసేది, నేనేదో ఉపకారం చేసినట్టు.

ఆ గరాజ్ అడుగున, వెనక గోడ దగ్గర, ఒక ఇనప టాంకు పాతిపెట్టి ఉంది. పాత రైతు ట్రాక్టరుకి పెట్రోలు దాచుకున్నది. నేల మీద దాని మూత మాత్రం కనిపించేది. అలాంటివి ఆ రోజుల్లో పొలాల ఇళ్ళల్లో మామూలే. ఖాళీ టాంకయితే చుట్టూ తవ్వి, బ్యాక్‌హోతో పట్టి పైకి లాగెయ్యొచ్చు. అందులో పెట్రోలుంటే ముందు పంపు ట్రక్కుని పిలిపించి తోడించాలి, పని రెండు రోజులు ఆగుతుంది. ఇంటాయనని అడిగాను. "పనివాళ్ళు వచ్చేలోపు చూసి చెప్తానండీ, అందులో ఎంతుందో నాకూ సరిగ్గా గుర్తులేదు" అన్నాడు.

మొదటి రోజు పైకప్పు, గోడలు తీసేశాం. ఎంత చిన్న గరాజో, పడిపోయాక అంత చెత్తయింది. రెండో రోజు పొద్దున్న నేల పగలగొట్టి మట్టి తవ్వాలి. ఇంటాయన మీటింగుకని న్యూజెర్సీ వెళ్ళాడు. పెద్దాయన బ్యాక్‌హో వేడెక్కిస్తుంటే, ఆవిడ వంటింటి తలుపు తీసుకుని స్వెట్టరు భుజాన కప్పుకుని మెట్ల దాకా వచ్చింది.

"అన్నయ్యగారూ, మావారు ఇప్పుడే ఫోన్ చేశారు. వెళ్ళేముందు చూశారట. మీతో తప్పకుండా చెప్పమన్నారు. ఆ టాంకు నిండుకుందట."

"మంచిదమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను.

ఈ మాట మీలో కొందరికి తెలియకపోవచ్చు. మా అమ్మ నోట బియ్యం అయిపోయాయన్న మాట నేను ఒక్కనాడూ వినలేదు. ఇంట్లో లేవు, అయిపోయాయి అనడం అశుభమని, బియ్యం నిండుకున్నాయి అనేది. ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. కిరసనాయిలు నిండుకుందంటే నేను డబ్బా పట్టుకుని కొట్టుకి పరిగెత్తాలని అర్థం. తల్లి పక్కన వంటింట్లో తిరిగిన ఏ తెలుగు పిల్లకీ దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నాకూ అక్కర్లేకపోయింది. టాంకు ఖాళీ. మనసులో ఇంకో ఆలోచన రానేలేదు.

బ్యాక్‌హో దగ్గరికి వెళ్ళేసరికి పెద్దాయన కిందికి దిగి ట్రక్కువైపు నడుస్తున్నాడు, కర్ర కోసం.

"అక్కర్లేదు, టాంకు ఖాళీ" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఆవిడ. మా భాషలో చెప్పింది. ఇప్పుడే ఆయన ఫోన్ చేశాడట."

ఆయన ట్రక్కు తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది. ఆ కంపెనీలో చేరినప్పట్నుంచీ నా ఉచ్చారణకి నవ్వేవాళ్ళే గానీ, నా భాష ఒకరికి పనికొచ్చింది ఆ రోజే. పైగా పంపు ట్రక్కు అక్కర్లేదు, రెండు రోజులు కలిసొస్తాయి, ఓనరు మెచ్చుకుంటాడు. "ఒక్కసారి నా మాట నమ్మలేరా? ఈ కర్ర గోల ఈ పూటకి వదిలెయ్యండి" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన నా మొహంలోకి చూశాడు. "సరే ఇంజనీర్, నువ్వు చెప్పావుగా" అని వెళ్ళి బండెక్కాడు.

తర్వాతిది పెద్దగా వర్ణించను. నేల పలక పగిలింది, మట్టి లేచింది, బ్యాక్‌హో పళ్ళు ఇనుముని చీల్చిన చప్పుడు వచ్చింది. ఘాటుగా వాసన కొట్టింది. నేను అరిచేలోపే భగ్గుమంది. ఆయన దూకాడు గానీ మంటలోకే దూకాడు. నేనూ మేస్త్రీ కలిసి బయటికి లాగి, కోట్లు కప్పి మట్టి పోశాం. నా కుడిచెయ్యి కొంచెం కమిలింది, వారంలో మానిపోయింది. ఆయనకి రెండు చేతులూ, మెడ, మొహంలో ఒక పక్క కాలిపోయాయి.

మధ్యాహ్నానికి హాస్పిటల్ వరండాలో ఆయన భార్య పక్కన కూర్చుని ఉన్నాను. ఆవిడ బల్లమీంచి లేవకుండా ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. అప్పుడు మన తెలుగావిడ పక్కింటివాళ్ళ కార్లో వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను పక్కకి పిలిచి, "ఇలా ఎలా అయిందండీ? నేను చెప్పాను కదా అన్నయ్యగారూ, టాంకు నిండుకుందని? పోయిన సమ్మర్‌లో పెట్రోల్ దొరకడం లేదని మావారు పైదాకా నింపించేశారు. అదే కదా చెప్పాను?" అంది.

అప్పటికి గానీ నాకు అర్థంకాలేదు. ఆవిడ నిండుగా ఉందని చెప్పింది. పాపం, ఫుల్ అన్న మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. నేను వెక్కిరిస్తానని దాన్ని మింగి, పుస్తకాల్లో చూసిన మాటలతో కూర్చుకుని తెలుగులో చెప్పింది. ఆ మాటకి వంటిళ్ళలో ఉన్న అర్థం ఆవిడకి నేర్పడానికి తల్లి లేదు. ఫుల్ అని ఉంటే పెద్దాయన చేతులు కాలేవి కావు. ఇదంతా అక్కడే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. "అవునమ్మా, ఏదో పొరపాటయింది" అని గొణిగాను.

నాలుగో రోజు ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, పనిచోట ప్రమాదాలు విచారించే మనిషి. మా ఓనరు గదిలోనే కూర్చోబెట్టి అడిగాడు. టాంకు ఖాళీ అని ఎవరన్నారు? మా భాషలో ఒక మాట ఉంది, దానికి నిండడం, అయిపోవడం రెండు అర్థాలూ ఉన్నాయి, ఆమె ఒకటనుకుంది, నేను ఇంకొకటి విన్నాను అని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఒకే మాటకా?" అన్నాడు. నమ్మాడో లేదో గానీ రాసుకున్నాడు. ఇదంతా నిజమే, బాగా వివరంగా చెప్పాను, బహుశా కావలసినదానికంటే వివరంగా.

తర్వాత అడిగాడు. "తవ్వే ముందు ఆపరేటర్ కర్రతో చూశాడా?"

అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ఆయన కర్ర కోసం వెళ్తుంటే నేనే ఆపాను. ఒక్క వాక్యం. ఓనరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పటికి నా గ్రీన్‌కార్డు కాగితాలు సగంలో ఉన్నాయి, మా ఆవిడకి ఏడో నెల. ఉద్యోగం పోతే నెలల్లో దేశం వదలాలి. ఇవన్నీ ఆ క్షణంలో వరసగా ఆలోచించానని అనను. నోరు తనంతట తనే పలికింది.

"నేను డ్రాయింగులు చూస్తూ అటువైపు ఉన్నాను. గమనించలేదు" అన్నాను.

పెద్దాయన హాస్పిటల్లో ఉన్నాడుగా, ఆయనే చెప్తాడు, నా అబద్ధం రెండు రోజుల్లో బయటపడుతుంది అనుకున్నాను. ఒక పక్క బయటపడితేనే బాగుండుననీ అనుకున్నాను. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఆపరేటర్ తన ఎప్పటి అలవాటుకి భిన్నంగా టాంకు పరీక్షించలేదు, అడిగితే మర్చిపోయానని ఒప్పుకున్నాడు అని ఉంది. మర్చిపోయాడట! ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. ఓనరు దాన్ని ఫైల్లో పెట్టి, "ముసలాడు కూడా చివరికి ఏమరుపడ్డాడు" అన్నాడు. వడ్రంగులు తలలూపారు. ఆ ఊళ్ళో అందరికీ అదే కథ తెలిసింది. పెద్దాయన చేతులు మళ్ళీ పిడికిలి పట్టలేదు. పనిలోకి రాలేదు.

గరాజ్ మాత్రం కట్టాం. మాడిన మట్టంతా తీయించి, కొత్త మట్టి పోయించి, ఆగస్టు కల్లా పూర్తిచేశాం. నేనే దగ్గరుండి కట్టించాను. మా కంపెనీ కట్టినవాటిలో అంత తిన్నగా, అంత గట్టిగా వచ్చింది ఇంకోటి లేదు. నవ్వొస్తుంది చెప్తుంటే.

ఆ డిసెంబరులో ఆ దంపతులు సత్యనారాయణ వ్రతం చేసుకుని చుట్టుపక్కల తెలుగువాళ్ళందర్నీ పిలిచారు. ఇల్లు చాలదని భోజనాలు కొత్త గరాజ్‌లో పెట్టారు. కార్లు బయట, మడత బల్లలు లోపల. పిల్లలు కాంక్రీటు మీద జారుతున్నారు. రాలీ నుంచి వచ్చిన డాక్టరుగారి భార్య వడ్డిస్తూ, "ఏమ్మాయ్, ఇక్కడ పెరుగు నిండుకుందీ!" అని కేకేసింది.

"అయితే మూత పెట్టెయ్యండి ఆంటీ, ఒలికిపోతుంది" అంది మన జంషెడ్‌పూర్ ఆవిడ.

అంతా గొల్లుమన్నారు. డాక్టరుగారి భార్య ఆవిడ బుగ్గ గిల్లి, "పిచ్చిపిల్లా, నిండుకోవడమంటే అయిపోవడమే! అయిపోయిందని అనకూడదుగా మనం" అంది. ఆవిడ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, బల్లల మీదుగా నన్ను వెతికింది. నేను అన్నంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ గదిలో ఆ నవ్వు వినడం నాకు నరకంలా ఉంది.

చేతులు కడుక్కునేచోట పట్టుకుంది. "మీకు తెలుసు కదూ?"

"హాస్పిటల్లో తెలిసిందమ్మా."

"నాకెందుకు చెప్పలేదు అన్నయ్యగారూ?"

నువ్వు బాధపడతావని అన్నాను. అప్పటికి ఆ జవాబు నాకే అలవాటైపోయింది. అసలు కారణం వేరు. ఆ మాట గురించి కదిలిస్తే కర్ర గురించి వస్తుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళండి. నేనే చెప్పాలి ఆయనకి. నావల్లే కదా అంతా" అంది. నీవల్ల కాదమ్మా, ఆ కర్ర ముంచి ఉంటే నీ మాట ఏదైనా ఏమీ అయ్యేది కాదు, ముంచనివ్వనిది నేను అని చెప్పి ఆ పిల్ల నెత్తిమీద బరువు అక్కడే దించెయ్యొచ్చు. రేపు ఆదివారం వెళ్దామన్నాను.

ఊరికి దూరంగా, పైన్ చెట్ల మధ్య చిన్న ఇల్లు. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చేతులకి బిగుతు తొడుగులు. భార్య కాఫీ కప్పు పట్టుకుని తాగిస్తోంది. మమ్మల్ని చూసి, "రా ఇంజనీర్" అన్నాడు. అంతకుముందు ఒకే ఒక్కసారి వెళ్ళాను నేను, అయిదు నిమిషాలు కూర్చుని పారిపోయి వచ్చాను.

ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుని, అంతా ఇంగ్లీషులో చెప్పింది. మాట, దాని రెండు అర్థాలు, తనకి తెలియకపోవడం. "నేను తప్పు మాట చెప్పాను. మీ చేతులు నావల్ల కాలాయి" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన చివరిదాకా విన్నాడు. "చూడమ్మా, ఎవరు ఏ భాషలో ఏం చెప్పినా కర్ర ముంచి చూసుకోవడం నా పని. ఆ రోజు మర్చిపోయాను. మీ మాటతో దీనికి సంబంధం లేదు. ఇంటికెళ్ళి హాయిగా ఉండు" అన్నాడు. అని నా వైపు చూశాడు. కోపంగా కాదు, అడుగుతున్నట్టూ కాదు. కుర్చీ జరిపి ఒకరికి చోటిచ్చినట్టు కాసేపు ఊరికే ఆగాడు. నేను చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం ఉండవు. గ్రీన్‌కార్డు వచ్చి అప్పటికి మూడు వారాలు. ఉద్యోగం పోయినా దేశం పొమ్మనదు. ఆ సాకు కూడా నాకు మిగల్లేదు.

కాఫీ బాగుందన్నాను.

వచ్చేటప్పుడు ఆయన భార్య కారు దాకా వచ్చింది. మన తెలుగావిడ అప్పటికే ఎక్కి కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది, వ్రతం రోజు తర్వాత మొదటిసారి కాస్త తేరుకున్న మొహంతో. నేను నా వైపు తలుపు తీస్తుంటే ఆ పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ముప్పై ఏళ్ళు ఆ కర్ర లేకుండా ఆయన ఒక్క గొయ్యి తవ్వలేదు. ఇంట్లో నీళ్ళ డ్రమ్ము కూడా ముంచి చూస్తాడు. ఆ ఒక్కరోజు ఎలా మర్చిపోయాడా అని రోజూ ఆలోచిస్తాను. అడిగితే చెప్పడు. నువ్వు అక్కడే ఉన్నావు కదా బాబూ, నీకేమైనా తెలుసా?"

తెలీదన్నాను.